జట్లు మారిన ఆటగాడు కోచ్‌గా పనికొస్తాడా?

ప్రశ్న: మా అబ్బాయి స్కూల్ గేమ్స్ రోజుల నుంచి బేస్‌బాల్ ఆడుతున్నాడు. అవుట్‌ఫీల్డర్, అంటే మైదానం వెనక భాగంలో బంతులు ఆపేవాడు. డిగ్రీ అయ్యాక ఏ జట్టులోనూ కుదురుకోక, ఎవరు పిలిస్తే వారి తరఫున ఆడుతున్నాడు. సగం మ్యాచ్‌లు బెంచీ మీదే గడుస్తాయి. ఇప్పుడు కోచ్‌నవుతానంటున్నాడు. ఆడలేనివాడు ఏం నేర్పుతాడని బంధువులు ఎద్దేవా చేస్తున్నారు. అమెరికాలోనైనా ఇలాంటివారు రాణించారా?
– ఒక తండ్రి, కావలి

జవాబు: రాణించారు. డేవ్ రాబర్ట్స్‌నే తీసుకోండి. 1994లో డెట్రాయిట్ టైగర్స్ జట్టు ఈ అవుట్‌ఫీల్డర్‌ను, జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 28వ రౌండులో, అంటే వందల మందిని ఎంచుకోవడం పూర్తయిన తరువాత తీసుకుంది. అమెరికాలో అన్నిటికన్నా పై స్థాయి అయిన మేజర్ లీగ్‌లో తొలి మ్యాచ్ ఆడేనాటికి ఆయనకు 27 ఏళ్లు. ఆ తరువాత పది సీజన్లలో క్లీవ్‌లాండ్, లాస్ ఏంజెలెస్, బోస్టన్, శాన్ డియెగో, శాన్ ఫ్రాన్సిస్కో జట్లకు ఆడాడు. బంతిని కంచె దాటించే బలం అంతగా లేదు. కాళ్ల వేగమే పెట్టుబడి. బంతి విసిరే ఆటగాడైన పిచ్చర్ బంతి వేసే అదను చూసి, హిట్ లేకుండానే 90 అడుగుల దూరంలోని తరువాతి బేస్‌కు, అంటే రన్నర్ ఆగే తరువాతి మజిలీకి పరుగెత్తడాన్ని బేస్ దొంగిలించడం అంటారు. అలా ఆయన 243 బేస్‌లు దొంగిలించాడు. ఆ విద్యలో మెళకువలు నేర్పినవాడు అదే విద్యలో పేరుపొందిన పాత ఆటగాడు మౌరీ విల్స్.

2004 అక్టోబరులో, ముందు నాలుగు మ్యాచ్‌లు గెలిచినవారిదే అయిన సిరీస్‌లో న్యూయార్క్ యాంకీస్ చేతిలో బోస్టన్ వరుసగా మూడు మ్యాచ్‌లు ఓడి, నాలుగో దానిలో తొమ్మిదో ఇన్నింగ్స్‌కు ఒక్క పరుగు వెనకబడి ఉన్నప్పుడు, అప్పటిదాకా బెంచీ మీద ఉన్న రాబర్ట్స్‌ను మరొకరి బదులు పరుగెత్తడానికి పంపారు. దొంగతనం చేస్తాడని మైదానంలో అందరికీ తెలుసు. పిచ్చర్ మరియానో రివేరా మూడుసార్లు మొదటి బేస్‌కు బంతి విసిరి బెదిరించాడు. అయినా రాబర్ట్స్ రెండో బేస్ చేరాడు, తరువాతి హిట్‌కు పరుగు తీసి స్కోరు సమం చేశాడు. బోస్టన్ ఆ మ్యాచ్‌నూ, ఆ సిరీస్‌నూ, 1918 తరువాత తొలిసారి లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌నూ గెలిచింది. సీజన్ చివర జరిగే ఆ నాకౌట్ పోటీలు (పోస్ట్‌సీజన్) అన్నిటిలో రాబర్ట్స్ ఒక్కసారి కూడా బ్యాట్ పట్టలేదు! బెంచీ మీద కూర్చున్నవాడు పిచ్చర్ భుజం కదలికను కనిపెడుతూ ఉంటే, ఆ కూర్చోవడం ఊరికే పోదని నా నమ్మకం.

ఆయన 2011లో శాన్ డియెగోలో మొదటి బేస్ కోచ్‌గా చేరాడు. రన్నర్ ఎంత దూరం ముందుకు జరగాలో, ఎప్పుడు కదలాలో చెప్పే పని అది. చాలా జట్లలో అవుట్‌ఫీల్డర్ల సాధన కూడా ఆ కోచ్‌దే. 2016 నుంచి లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ మేనేజర్‌గా, అంటే ప్రధాన కోచ్‌గా 2020, 2024, 2025 వరల్డ్ సిరీస్ టైటిళ్లు గెలిపించాడు.

అయితే మీ బంధువుల మాటను పూర్తిగా కొట్టిపారేయలేను. పైకి లేచిన బంతి పడేచోటికి చేరడం మీవాడికి అలవాటుగా వచ్చి ఉండవచ్చు. బ్యాట్ చప్పుడు వినగానే మొదటి అడుగు వెనక్కి వేయాలని, విసిరేటప్పుడు దూరపు బేస్‌కు కాక మధ్యలో నిలిచే కటాఫ్ ఆటగాడి ఛాతీ ఎత్తుకు వేయాలని పన్నెండేళ్ల పిల్లవాడికి అర్థమయ్యేలా చెప్పడం వేరే పని. ఈ వేసవిలో మీ ఊరి హైస్కూలు మైదానంలో పదిమంది పిల్లలకు నెలరోజులు నేర్పమనండి. బేస్‌బాల్ ఒక్కదానితో మన జిల్లాలో ఇల్లు గడవదు కనుక, పీఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి రెండేళ్ల బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ)లో చేరితే వ్యాయామ ఉపాధ్యాయుడిగా బతుకుతెరువు చూసుకుంటూ, సాయంత్రాలు ఈ ఆట నేర్పుకోవచ్చు.