ఏడో తరగతి పిల్లలు ఈ టర్మ్‌లో ఏం నేర్చుకుంటారు?

కడపలో స్టేట్ సిలబస్ చదివే మీ పాపకు ఏయే పాఠాలుంటాయని అడిగారు. బడిని బట్టి వరస కాస్త అటూ ఇటూ అవుతుంది.

అసలు టెన్షన్ లెక్కల్లోనే. రెండు రుణ సంఖ్యలను గుణిస్తే ధన సంఖ్య ఎందుకొస్తుందో చాలామందికి అంతుపట్టదు. దయచేసి బట్టీ పట్టించకండి. (-3)×2 = -6, (-3)×1 = -3, (-3)×0 = 0 అని వరసగా రాయించండి. ప్రతిసారీ జవాబు 3 పెరుగుతోంది కాబట్టి (-3)×(-1) = 3 అని పాపే చెప్పేస్తుంది. ఇది గట్టిపడితే సామాన్య సమీకరణాలు సాఫీగా సాగుతాయి.

సైన్స్‌లో ఆమ్లాలు, క్షారాలు ఉంటాయి. మన కడప బండ ముక్కను పొడి చేసి నిమ్మకాయ పిండించండి. సన్నటి బుడగలొస్తాయి. ఆ రాయి సున్నపురాయే. అందులోని కాల్షియం కార్బొనేట్ ఆమ్లంతో కలిసి కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. ఇంట్లో పరిచిన బండల మీద మాత్రం వద్దు, మచ్చ పడుతుంది.

సోషల్‌లో విజయనగర సామ్రాజ్యం మనవాళ్లకు చాలా దగ్గరి పాఠం. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత రాజధాని మన పక్కనున్న పెనుకొండకే మారింది. ఆ కాలంలో పెమ్మసాని నాయకులు ఏలిన గండికోట జమ్మలమడుగు దగ్గరే ఉంది. వీలైతే ఒక ఆదివారం తీసుకెళ్లండి.

తెలుగు, హిందీ, ఇంగ్లిష్‌లలో పాఠం చదివేస్తారు కానీ సొంతంగా రాయమంటే తడబడతారు. రోజూ నాలుగు వాక్యాలు రాయించండి, చాలు.