పిక్కలు పట్టేశాయి, ఆపేయనా?

ప్రశ్న: నాకు 42 ఏళ్లండి, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. రోజూ పొద్దున్నే కాలవ గట్టు మీద అరగంట నడిచేదాన్ని. ముసురు పట్టాక గట్టంతా బురదైపోయింది, అందుకని ఫోన్‌లో వీడియో పెట్టుకుని ఇంట్లోనే కార్డియో మొదలెట్టాను. అన్నీ గెంతులే. మూడో రోజుకి పిక్కలు పట్టేసి, మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సొస్తోంది. మావారేమో నొప్పొస్తేనే పనిచేస్తున్నట్టు, ఆపకు అంటున్నారు.
– ఒక పాఠకురాలు

జవాబు: ఈ ఒక్క విషయంలో ఆయన మాట వినకండి. కార్డియో గుండెకీ ఊపిరికీ పని చెప్పడానికి, పిక్కల్ని పిండడానికి కాదు. అసలు మీ నొప్పి గెంతినప్పుడు వచ్చింది కాదు, కిందికి దిగినప్పుడు వచ్చింది. నేలకి దిగేటప్పుడు ఒంటి బరువుని ఆపుకుంటూనే పిక్క, తొడ కండరాలు సాగాల్సొస్తుంది, అలవాటు లేని కండరం దానికి సన్నగా దెబ్బతింటుంది, అయితే ఆ నొప్పి అప్పటికప్పుడు తెలియదు, మర్నాడు మొదలై రెండు మూడు రోజులు బాగా ఉంటుంది. మెట్లు ఎక్కడం కన్నా దిగడమే కష్టంగా ఉందంటే అందుకే. పైగా ఉత్త కాళ్లతో గచ్చు మీద గెంతి ఉంటారు, అవునా?

నొప్పి తగ్గేదాకా గెంతులు మానండి, ఇంట్లో మామూలుగా తిరగండి. ఈలోగా కుర్చీలో కూర్చుని రెండు చేతులూ గాల్లోకి గుద్దుతున్నట్టు గబగబా ఆడించండి. రక్తం అడిగింది కాళ్లా చేతులా అన్నది గుండెకి అనవసరం, అది కొట్టుకుంటుంది. తర్వాత నిలబడ్డ చోటే నడక: ఐదు నిమిషాలు మెల్లగా, ఆపైన మోకాళ్లు కాస్త పైకెత్తి, చేతులు ఊపుతూ. ఒక మెట్టు ఎక్కి దిగడం కూడా మంచిదే, కానీ జానెడు ఎత్తు చాలు, వీధరుగు ఎక్కి దిగుతానంటే మోకాళ్లు ఊరుకోవు.

ఎంత జోరుగా? పక్కింటి పిన్నిగారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. నాడి లెక్కల కన్నా ఇదే తేలిక. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇలాంటి వ్యాయామం వారానికి కనీసం 150 నిమిషాలు, అంటే ఐదు రోజులు అరగంట చొప్పున. ఒకేసారి కుదరకపోతే పది నిమిషాల చొప్పున మూడుసార్లు చేసినా లెక్కే.

మన వైపు ఉక్కపోత సంగతి కూడా చూసుకోవాలి. గాల్లో తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, అంత పనికే గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. అందుకని వంటయ్యాక ఆ వేడిలో కాదు, పొద్దున్నే ఫ్యాన్ కింద చేయండి.

ఒక్క పిక్కే వాచి వెచ్చగా ఉన్నా, మూత్రం టీ డికాషన్ రంగులో వస్తున్నా, గుండెల్లో పట్టేసినట్టున్నా ఆరోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

గట్టు ఆరాక మీ నడక మీకుంది. గెంతులు కావాలంటే అప్పుడు వారానికి రెండు రోజులు, మడతపెట్టిన బొంత మీద కాదు, బూట్లు వేసుకుని, పదేసి మాత్రమే.