మేత ఖాతా సేవ్ అయింది, లిస్టులో రాలేదు

ప్రశ్న: కావలిలో మా నాన్నకు రొయ్యల మేత షాపు ఉంది. గుంటల రైతుల అప్పు ఖాతా కోసం ఆండ్రాయిడ్ యాప్ రాశాను. డేటాబేస్‌కు వాడింది ‘రూమ్’, ఫోన్‌లోనే డేటా దాచే ఆండ్రాయిడ్ లైబ్రరీ. కొత్త పద్దు సేవ్ చేస్తే లిస్టులో కనపడదు, యాప్ మూసి తెరిస్తేనే వస్తుంది. పడలేదేమోనని నాన్న అదే పద్దు మళ్లీ ఎక్కిస్తున్నారు. అయిదు సెకన్లకోసారి లిస్టు చదివే టైమర్ పెట్టనా?

జవాబు: టైమర్ వద్దు, బ్యాటరీ దండగ. ముందు రెండుసార్లు పడిన పద్దులు తీసేయండి. రైతుతో గొడవ వస్తే యాప్ మాట ఎవరూ వినరు.

మీ డావో (డేటాబేస్‌లో చదివే, రాసే కోడ్ భాగం) ఫంక్షన్ మామూలు ‘లిస్ట్’ ఇస్తోందని నా అనుమానం. అందులో ఉండేది చదివిన క్షణాన ఉన్న పద్దులే. దాన్ని ‘ఫ్లో’గా, అంటే మార్పు వచ్చినప్పుడల్లా కొత్త విలువ పంపేదిగా మార్చి, స్క్రీన్‌లో కలెక్ట్ చేయండి (వచ్చే విలువలు అందుకోండి). ఆ టేబుల్‌లో ఇన్సర్ట్, అప్‌డేట్, డిలీట్ ఏది జరిగినా రూమ్ తనే క్వెరీ (డేటా అడిగే ఆదేశం) మళ్లీ నడిపి కొత్త లిస్టు పంపుతుంది. అది గమనించేది టేబుల్‌ను, వరుసను కాదు. కాబట్టి వేరే రైతు పద్దు మారినా మీ క్వెరీ నడుస్తుంది. అదే లిస్టు మళ్లీ రాకుండా ఫ్లోకు ‘డిస్టింక్ట్ అంటిల్ ఛేంజ్డ్’ తగిలించండి.

ఇంత చేసినా లిస్టు కదలకపోతే డేటాబేస్ ఆబ్జెక్టును తయారుచేసే బిల్డర్‌ను ఎక్కడెక్కడ పిలిచారో వెతకండి. ఒక్కో స్క్రీన్‌లో విడిగా పిలిస్తే, ఒక ఆబ్జెక్టు రాసిన సంగతి మామూలుగా రెండోదానికి తెలియదు. యాప్ మొత్తానికి ఒకటే ఉంచండి. లిస్ట్ అడాప్టర్ (లిస్టును తెర మీదకు తెచ్చే క్లాస్) వాడుతుంటే, పాత లిస్టుకే పద్దు చేర్చి ‘సబ్మిట్ లిస్ట్’కు ఇవ్వకండి, అదే ఆబ్జెక్టని వదిలేస్తుంది.