సర్టిఫికెట్ వస్తే చట్టం పని తీరిపోతుందా?

ప్రశ్న: అయ్యా, ఉలవపాడు దగ్గర మాకు ఆరెకరాల సరుగుడు తోట ఉంది. దాన్ని ఆనుకుని వాగు వెంబడి పొదలు పెరిగిన రెండెకరాల బీడు. కర్ర కొనే కంపెనీవారు చుట్టుపక్కల రైతులందరినీ ఒక బృందంగా చేర్చి ‘ఎఫ్ఎస్‌సీ’ సర్టిఫికెట్ ఇప్పిస్తామంటున్నారు. ఆ బీడు కొట్టేసి సరుగుడు వేస్తే మాత్రం రాదట. సొంత భూమిలో మమ్మల్ని అడ్డుకోవడానికి వీళ్లెవరు? ఆ సర్టిఫికెట్ ఉంటే ప్రభుత్వ తనిఖీలు తప్పుతాయా?
– ఒక రైతు

జవాబు: రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. తప్పవు. ఎఫ్ఎస్‌సీ (ఫారెస్ట్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్) అంటే అడవిని, తోటను బాధ్యతగా చూసుకునేవారి కలపకు ముద్ర ఇచ్చే పద్ధతిని నడిపే అంతర్జాతీయ సంస్థ. దానికి పది సూత్రాలున్నాయి. దేశంలోని చట్టాలను పాటించాలన్నది వాటిలో మొదటిది. అందుకే, మీ రెండెకరాలు పట్టానా, వాగు పోరంబోకా అన్నది ముందు అడంగల్‌లో చూసుకోండి. పోరంబోకు అయితే అది మీరు కొట్టవలసిన నేలే కాదు. సర్టిఫికెట్ దాకా వెళ్లనక్కరలేదు.

‘వీళ్లెవరు’ అన్నది న్యాయమైన ప్రశ్న. 1992లో రియో సదస్సులో ప్రపంచ దేశాలు అడవుల మీద అందరూ కట్టుబడే ఒప్పందానికి రాలేకపోయాయి. మరుసటి ఏడాది పర్యావరణ సంఘాలు, కలప వ్యాపారులు, అడవి మీద బతికేవారి ప్రతినిధులు కలిసి ఈ సంస్థను పెట్టుకున్నారు. మీ మీద వీరికి ఏ అధికారమూ లేదు. ఎఫ్ఎస్‌సీ ముద్ర ఉన్న కలప, కాగితమే కావాలనే కొనుగోలుదారులు ఉండటమే వీరి బలం. ఇష్టం లేకపోతే సంతకం చేయకండి, ఎవరూ కేసు పెట్టరు. చేస్తే మాత్రం ఆ మాట నిలబెట్టుకోవాలి. సర్టిఫికెట్ ఐదేళ్లు ఉంటుంది, ఏటా తనిఖీ జరుగుతుంది.

ఇక నా అనుభవం. అటవీశాఖ ఉద్యోగంలో ఎక్కువ కాలం రాపూరు, ఉదయగిరి కొండల్లోనే గడిపాను. ఎర్రచందనం దుంగల కోసం రాత్రిళ్లు వెలిగొండల్లో కాపు కాశాం. ఆ చెట్టును ఏ సర్టిఫికెట్టూ కాపాడలేదు. దొంగకు ముద్రతో పనేముంది? 1995 నుంచి ఎర్రచందనం అంతర్జాతీయ వ్యాపారం మీద ‘సైటీస్’ (అంతరించే ప్రమాదమున్న జీవుల, మొక్కల వ్యాపారంపై దేశాల మధ్య ఒప్పందం) నియంత్రణ ఉంది. 2016లో మన రాష్ట్రం అటవీ చట్టాన్ని సవరించి శిక్షలు పెంచింది. అంత ఉన్నా, కొండ ఎక్కి అడవికి కాపు కాసే బీటు ఆఫీసరు లేకపోతే చెట్టు మిగలదు. అక్కడ కావలసింది చట్టం, దాన్ని నడిపించే మనుషులు.

అదే చట్టం నన్ను నిస్సహాయుణ్ణి చేసిన రోజూ ఉంది. ఉదయగిరి వైపు ఒక వాలు నిండా కలివి పొదలు, బలుసు, రేగు. రెవెన్యూ రికార్డులో అది బీడు. ప్రైవేటు పట్టా. జామాయిల్ వేయడానికి నాలుగు రోజుల్లో యంత్రంతో ఊడ్చేశారు. నేను గట్టు మీద నిలబడి చూశాను. నా పుస్తకంలో రాయడానికి నేరమంటూ ఏదీ లేదు. అలాంటి పొదల్లో బతికే కలివికోడి 1900 తర్వాత ఎవరి కంటా పడక అంతరించిందనుకున్న పక్షి. 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. మనం బీడు అని తీసిపారేసే నేలే దానికి ఇల్లు. ఆ వాలు గుర్తొస్తే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

సర్టిఫికెట్ పనికొచ్చేది సరిగ్గా అలాంటి చోటే. 2020 తర్వాత సహజ అడవిని కొట్టి వేసిన తోటకు ఇవ్వకూడదని, కొంత నేలను సహజంగా వదలాలని అది అడుగుతుంది. మీ వాగు పొదల గురించి చట్టం మాట్లాడని మాట అది మాట్లాడుతోంది. కొన్ని పురుగుమందులు వాడవద్దనీ, కర్ర కొట్టే కూలీలకు రక్షణ సామగ్రి ఇవ్వాలనీ కూడా చెబుతుంది.

చట్టం, సర్టిఫికెట్ రెండూ కలిసి నడిచిన చోట్లున్నాయి. మధ్య అమెరికాలోని గ్వాటెమాలా దేశంలో ‘మాయా బయోస్ఫియర్’ అనే రక్షిత అడవిలో కలప తీసే హక్కు పొందిన ఊళ్లు మూడేళ్లలో ఈ సర్టిఫికెట్ తెచ్చుకోవాలని ప్రభుత్వమే షరతు పెట్టింది. స్వచ్ఛందంగా పుట్టినది అక్కడ నిబంధన అయింది. ఐరోపా సమాఖ్య మాత్రం 2023 చట్టంలో గీత గట్టిగా గీసింది. అడవి నరికిన నేల నుంచి వచ్చిన సరుకు కాదని దిగుమతిదారే నిరూపించుకోవాలి. అందుకు సర్టిఫికెట్ ఒక ఆధారమే, పూచీ కాదు. ఇది నాకు నచ్చింది. ఎందుకంటే తనిఖీ సంస్థకు రుసుము కట్టేది తనిఖీ చేయించుకునేవాడే. ఆ లోపాన్ని దాచకూడదు. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2023 డిసెంబరులో సొంత స్వచ్ఛంద ధ్రువీకరణ పథకం తెచ్చింది. ముద్ర ఉంది కదా అని రేపు బీటు ఆఫీసర్ల ఖాళీలు నింపకుండా ఊరుకుంటే మాత్రం నేను ఒప్పుకోను.

మీరు చేరాలనే నా కోరిక. సంతకానికి ముందు తనిఖీ ఖర్చు ఎవరిదో, టన్నుకు ఎంత ఎక్కువ ఇస్తారో, డబ్బు ఎన్ని రోజుల్లో చేతికొస్తుందో ఒప్పందంలో రాయించుకోండి. కర్ర తోలిన తర్వాత డబ్బు కోసం నెలల తరబడి తిరిగిన రైతుల్ని నేను చూశాను. ఆ మూడూ రాయడానికి కంపెనీవారు వెనకాడితే, పొదల గురించి వారు చెప్పే నీతిని నమ్మనక్కరలేదు. పొదలను మాత్రం అప్పుడు కూడా ఉంచండి.