నీటికాకుల సంగతి: మేనల్లుడికి ఒక ఉత్తరం

ముషీరాబాద్, హైదరాబాద్

చిరంజీవి రమేశ్‌కు మేనత్త ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. మొన్న ఫోనులో నువ్వు ఒకటే పాట పాడావు. శామీర్‌పేట అవతల కౌలుకు తీసుకున్న చెరువుల మీద నీటికాకులు దండులా దిగుతున్నాయనీ, వేసిన చేపపిల్లలన్నీ వాటి పొట్టలోకే పోతున్నాయనీ, తుపాకీ ఉన్న మనిషి ఎవరైనా తెలుసా అనీ. కోపంలో ఉన్నవాడికి ఫోనులో ఎంత చెప్పినా చెవికెక్కదు. అందుకే రాసి పంపుతున్నాను, తీరిక చేసుకుని చదువు.

తుపాకీ మాట ఇక ఎత్తకు. నీటికాకికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. చంపడం సరేసరి, గుడ్లు పాడుచేసినా గూళ్ళను చెదరగొట్టినా ఆ చట్టం దాన్ని వేట కిందే జమకడుతుంది. చేపలో గుళికల మందు పెట్టి గట్టున పడేస్తే పీడ పోతుందని నీకెవరో చెప్పారన్నావు చూడు, ఆ మనిషిని గట్టు ఎక్కనివ్వకు. ఆ చేపను గద్ద తింటుంది, కుక్క తింటుంది, ఎవరి పిల్లవాడో ఏరుకుపోయి ఇంట్లో పులుసు పెట్టించుకుంటాడు. తర్వాత నువ్వు ఆ ఊళ్ళో తలెత్తుకు తిరగగలవా?

చట్టం సంగతి అలా ఉంచు. చంపి ఎవరూ బాగుపడింది లేదు. యూరప్‌లో ప్రభుత్వాల అనుమతితోనే ఏటా వేల నీటికాకులను కాలుస్తున్నారు. చేపలున్న నీళ్ళ మీద చోటు ఖాళీ అయితే చాలు, ఇంకో చోటి నుంచి వచ్చి వాలుతూనే ఉన్నాయి. మన దగ్గర అయితే చెప్పనే అక్కర్లేదు. హుస్సేన్‌సాగర్ మొదలుకొని నగరం చుట్టుపక్కల చెరువులు చాలావరకు మురుగునీటి పుణ్యమా అని ఎండాకాలంలోనూ నిండుగానే ఉంటాయి, వాటి నిండా జిలేబీ (తిలాపియా) చేప. ఈ పక్షులకు ఏడాది పొడవునా అన్నం పెడుతున్నది మన నగరమే. నువ్వు పదింటిని కాలిస్తే పదకొండోదానికి కొదవా?

కాబట్టి ముందు నీ చెరువు మీద వాలేది ఏ పక్షో, తినేది ఏ చేపో కనుక్కో. మన వైపు ఎక్కువగా కనిపించేది చిన్న నీటికాకి. మూరెడు పొడవు, పొట్టి ముక్కు, బరువు అరకిలో లోపే. పెద్ద జలాశయాల దగ్గర పెద్ద నీటికాకి కూడా తగులుతుంది. అది రెండు కిలోలు దాటుతుంది, గొంతు మొదట్లో పసుపు రంగు ఉంటుంది. ఒళ్ళంతా నీళ్ళలో దాచి, సన్నటి పొడుగు మెడ ఒక్కటే పైకి పెట్టి ఈదేది వేరే జాతి. దాని ముక్కు సూటిగా, మొన తేలి ఉంటుంది, అది చేపను పొడుస్తుంది. నీటికాకి ముక్కు కొన కిందికి వంగి ఉంటుంది, అది చేపను ఒడిసి పట్టుకుంటుంది. తప్పించుకున్న చేప నీ వలలో పడినప్పుడు రెండు పక్కలా తిప్పి చూడు. ఒక పక్క చర్మం గుచ్చి చీల్చినట్టు, రెండో పక్క పొలుసులు గీరుకుపోయినట్టు ఉంటే నీటికాకి పని. ఒకే చోట లోతుగా పొడిచిన రంధ్రం ఉంటే కొంగనో ఆ పొడుగు మెడ పక్షినో అనుకోవాలి.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. నీటికాకి అరగని ముళ్ళను, ఎముకలను జిగురు పొరలో చుట్టి ఉండగా కక్కేస్తుంది. అవి రాత్రి పడుకునే చెట్టు ఏదో నీకు తెలుసు కదా, ఆకులన్నీ సున్నం కొట్టినట్టు తెల్లబడి ఉంటాయి. పొద్దున్నే దాని కింద వెతికితే ఆ ఉండలు దొరుకుతాయి. నీళ్ళలో నానబెట్టి పుల్లతో విప్పి చూడు. బొచ్చె, రవ్వ చేపల దవడలకు పళ్ళుండవు, గొంతులో ఉంటాయి. పళ్ళున్న చిన్న వంకర ఎముకలు కనిపిస్తే అవి నీ చేపపిల్లలవో, పరకలనే ఊరి చిన్న చేపలవో అయి ఉంటాయి. వీపు మీది గట్టి ముళ్ళే ఎక్కువగా కనిపిస్తే అది జిలేబీ. అలాగైతే ఆ పక్షి నీకు కూలి అడగకుండా కలుపు తీస్తున్నట్టే. జిలేబీ నీ చేపల మేత తిని, ఎడతెరిపి లేకుండా పిల్లలు పెట్టి చెరువంతా తానే అవుతుంది.

ఇక నష్టం లెక్క. నీటికాకి రోజుకు తన బరువులో ఐదో వంతు వరకూ తింటుందనుకో. చిన్నదానికి ఎనభై, తొంభై గ్రాములు. పెద్దది అరకిలో దాకా తింటుంది. పది గ్రాముల పిల్లలైతే ఒక్కో చిన్న పక్షికి రోజుకు ఎనిమిది పడతాయి. ఇరవై పక్షులు నెల రోజులు అదే పనిగా నీ చెరువులోనే తింటే ఐదు వేలకు దగ్గర. ఎకరానికి రెండు, మూడు వేల పిల్లలు వదిలే చోట అది మాటలు కాదు. నీ రెండెకరాల చెరువుకు ప్రాణం మీదికి వస్తుంది, శామీర్‌పేట పెద్దచెరువుకు అయితే లెక్కలోకే రాదు. అందుకే పెద్ద చెరువుల వాళ్ళు చెప్పే ధైర్యమూ, చిన్న గుంటల వాళ్ళు పెట్టే భయమూ రెండూ నీకు పనికిరావు.

నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇది. ఈ పక్షి చేపను నమలదు, ముక్కలు చేయదు. తల వైపు నుంచి మొత్తంగా మింగుతుంది. దాని గొంతులో పట్టని చేప దానికి అందనట్టే. జపాన్‌లో గిఫు దగ్గర నగరా నది మీద నీటికాకుల మెడకు దారం కట్టి చేపలు పట్టించే ఆచారం వందల ఏళ్ళుగా ఉంది. చిన్న చేప గొంతు దిగిపోతుంది, కాస్త పెద్దది దారం దగ్గర ఆగిపోతే మనిషి తీసుకుంటాడు. నీ చెరువులోనూ జరిగేది చేప సైజుకూ గొంతు సైజుకూ మధ్య బేరమే. చేప జానెడు దాటిందంటే చిన్న నీటికాకి దాన్ని వదిలేసినట్టే. నువ్వు కాపాడుకోవలసింది మొదటి రెండు, మూడు నెలలు.

మరి నువ్వేం చేశావు? వేలెడంత కూడా లేని పిల్లలను తెచ్చి, పట్టపగలు, ఒకే మూల గుమ్మరించావు. తెలంగాణ ప్రభుత్వం 2016 నుంచి ఉచితంగా వదులుతున్న పిల్లల్లోనే చూడు. కొన్నాళ్ళే నీళ్ళుండే చెరువులకు 35–40 మిల్లీమీటర్లవి, ఏడాది పొడవునా నీళ్ళుండే జలాశయాలకు 80–100 మిల్లీమీటర్లవి అని విడివిడిగా ఇస్తారు. పెద్ద నీళ్ళలో చిన్న పిల్లలు బతకవనే కదా. కైకలూరు వైపు రైతులు ఇంకో అడుగు ముందుకు వేశారు. పిల్లలను ఏడాది పాటు కిక్కిరిసిన గుంటలో తక్కువ మేతతో ఉంచి, తర్వాత పెద్ద చెరువులో వదులుతారు. జాగా, మేత దొరకగానే అవి ఆవురావురుమంటూ ఎదుగుతాయి. ఖరీదు ఎక్కువే, కానీ మృగశిర కార్తె నాటికి అమ్మకానికి చేప కావాలంటే నీకు అదే దారి.

అంత డబ్బు లేకపోతే, మోటారు పక్కనున్న చిన్న గుంటను నర్సరీగా చేసి పైన వల కప్పు. వల బిగుతుగా ఉండాలి. వేలాడితే పక్షి చిక్కుకుని చస్తుంది, ఆ పాపమూ కేసూ రెండూ నీకే. కంటికి కనిపించని సన్న దారం వల వద్దు, లావు దారంది, రంగున్నది తీసుకో. అంచులు నేల దాకా దించి మేకులు కొట్టు. పైన కప్పి పక్కలు వదిలేస్తే ఇవి గట్టు మీద దిగి, దొరల్లా నడుచుకుంటూ లోపలికి పోతాయి. నేను కళ్ళారా చూశాను.

పెద్ద చెరువులోకి వదిలేటప్పుడు పొద్దు వాలాక వదులు. నీటికాకి పగలే వేటాడుతుంది. రాత్రంతా దొరికితే పిల్లలు తెప్పరిల్లి చెదిరిపోతాయి. సంచులను అరగంట నీళ్ళలో తేల్చి, వేడి సమానం అయ్యాక మూతి విప్పు. లేకపోతే అవి మత్తుగా నీటి పైనే తిరుగుతాయి, అంతకంటే తేలిక ఆహారం పక్షికి ఎక్కడ దొరుకుతుంది? ఒకే చోట కాకుండా నాలుగు వైపులా వదులు. వదిలే ముందు ఒక గిన్నెడు పిల్లలను లెక్కపెట్టి, మొత్తం ఎన్ని గిన్నెలో చూసి గుణించు. సగం తక్కువ ఇచ్చిన వ్యాపారి చేసిన లోటు కూడా చాలాసార్లు నీటికాకి ఖాతాలోనే పడుతుంది.

లోతున్న చోట సర్కారు తుమ్మ కంప కట్టలు కట్టి ముంచు. పిల్లలు దూరతాయి, పక్షి దూరలేదు. తాడు కట్టి ఉంచడం మరిచిపోకు, వల లాగే రోజున తీయకపోతే వల చిరిగి పీలికలవుతుంది. చెరువు మధ్యలో ఉన్న ఆ ఎండు మోడును పీకించెయ్. నీటికాకి రెక్కలు తడిసిపోయే రకం, మునిగి లేచాక ఆరబెట్టుకోవడానికి దానికి అరుగు కావాలి. నువ్వే అరుగు వేసి, వచ్చి కూర్చుందని తిడితే ఎలా? గూళ్ళున్న చెట్టు జోలికి మాత్రం పోవద్దు.

బాణసంచా, డప్పులు, మెరిసే రిబ్బన్లు అన్నీ పనిచేస్తాయి, నాలుగు రోజులు. రోజూ ఒకే చోట ఒకే చప్పుడు అయితే వాటికి అలవాటైపోతుంది. దిష్టిబొమ్మ అయితే మరీ చోద్యం, దాని భుజం మీదే కూర్చుని రెక్కలారబెట్టుకుంటాయి. డబ్బు పెట్టదలిస్తే తెల్లవారకముందే గట్టు మీద తిరిగే మనిషికీ, ఒక కుక్కకూ పెట్టు. మొదట వచ్చిన రెండు, మూడింటిని దిగనివ్వకపోతే, వాటిని చూసి వచ్చే గుంపు ఇంకో చోటికి పోతుంది. ఇది పిల్లలు వదిలిన మొదటి వారాల్లో చేస్తే చాలు, ఏడాదంతా చేస్తే నువ్వు అలసిపోతావు.

చివరగా, మబ్బు పట్టిన రోజుల్లో పొద్దున్నే చెరువు చూస్తున్నావా? చేపలు మూతులు పైకి పెట్టి గుటకలు మింగుతుంటే నీళ్ళలో ప్రాణవాయువు లేదని అర్థం. అలాంటప్పుడే పక్షులు గుంపుగా వాలతాయి. చూసేవాళ్ళు పక్షులు వచ్చి చేపలు పోయాయంటారు, నిజానికి చేపలు చావబోతుంటే పక్షులు వచ్చాయి. వెంటనే మేత ఆపి, మోటారు వేసి నీళ్ళు పైనుంచి పడేలా చెయ్యి. కొర్రమీను కూడా నీ చెరువులో ఉంది కదా, దాని ఆకలి నీటికాకి ఆకలికి తీసిపోదు. కొత్త పిల్లలు వదిలే ముందు వల లాగి వాటిని తీసి అమ్ముకో, ధర బాగుంది.

ఆదివారం నేనూ, మీ మామయ్యా వస్తాం. అప్పటికి చిన్న గుంట పొడవు వెడల్పులు కొలిచి ఫోను చెయ్యి, వల నేనే కొనుక్కొస్తాను. కర్రలు, మేకులు నువ్వు చూసుకో. మీ నాన్నను మోకాళ్ళ నొప్పి ఉందని ఇంట్లో కూర్చోవద్దని చెప్పు, తాడు పట్టుకోవడానికి ఒక మనిషి తక్కువ.

ఇట్లు
మీ అత్త