పొద్దుటి బ్యాచ్‌ని ఆపించకండి

ప్రశ్న: మాది బరంపురం. మా అమ్మాయికి 22 ఏళ్లు, డిగ్రీ అయింది. హాలు అద్దెకు తీసుకుని ఆడవాళ్లకు పొద్దున 6 గంటలకు, సాయంత్రం 7 గంటలకు ఏరోబిక్స్ నేర్పుతోంది. సాయంత్రం బాగా తగ్గిపోయారు. అంతా మానేసి బ్యాంకు కోచింగ్‌లో చేరమంటుంటే ఏడుస్తోంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, మీరు పంపిన హాజరు పుస్తకం ఫొటోలు రెండుసార్లు చూశాను. పొద్దుటి బ్యాచ్ జోలికి వెళ్లకండి. 16 మందిలో 12 మంది జూలై నుంచి వదలకుండా వస్తున్నారు. కార్తీకంలో కాస్త పలచబడ్డారు, అంతే. ఆ నెల తెలుగువాళ్లూ ఒడియావాళ్లూ కూడా తెల్లవారకముందే గుళ్లకు వెళ్లే ఊరు మీది. దాన్ని నష్టం కింద రాసుకోకూడదు.

సాయంత్రం సంగతి వేరు. జూలైలో 11 మంది, ఇప్పుడు 5. మానేసినవాళ్ల పేర్ల పక్కన మీ అమ్మాయి పెన్సిల్‌తో రాసుకున్నది చూడండి: ‘పిల్లల ట్యూషన్’, ‘వంట టైం’, మళ్లీ ‘వంట టైం’. వేళ కుదరక మానేశారు, నేర్పడం నచ్చక కాదు.

ఇక డబ్బు. హాలుకి ఒక్కో పూటకు విడిగా నెలకు 3,000 రూపాయలు కడుతున్నామన్నారు. మనిషికి 500 చొప్పున ఐదుగురికీ కలిపి వచ్చేది 2,500. అంటే నెలనెలా 500 చేతి చమురు, పిల్ల కష్టం పైన. రెండు పూటలకూ అద్దె ఒకటే అయ్యుంటే ఉంచమనేదాన్ని, ఎందుకంటే ఆపినా రూపాయి మిగలదు. ఇక్కడ మిగులుతుంది. సాయంత్రం పూట ఆపెయ్యమనండి.

ఆ ఐదుగురిలో పొద్దున రాగలిగినవాళ్లను అటు కలుపుకోవచ్చు. ఆరు రోజులూ కుదరదంటే మూడు రోజులు రమ్మనండి. ఓ మోస్తరు శ్రమతో 50 నిమిషాల చొప్పున మూడు రోజులు చేస్తే 150 నిమిషాలు. పెద్దవాళ్లకు వారానికి కనీసం అంత ఉండాలనే ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది.

వయసు మీరిపోతుందన్న భయం వద్దు. బ్యాంకు క్లర్కు పరీక్ష జనరల్ వాళ్లు కూడా 28 ఏళ్ల వరకు రాయొచ్చు. ఖాళీ అయిన సాయంత్రం కోచింగ్‌కి వెళ్లనివ్వండి, పొద్దుటి సంపాదనలోంచే ఫీజు కట్టుకుంటుంది. కానీ నా మనసులో మాట చెప్పాలి. మీరు పంపిన వీడియోలో ‘ఒకటి, రెండు’ అని లెక్క మొదలుపెట్టింది. వెనక వరసలో ఒడియా ఆవిడ తడబడగానే ‘తిని, చారి’ అని అందుకుంది, కాలు మాత్రం ఆగలేదు. ఆ నేర్పు కోచింగ్‌లో రాదు. స్కూల్లో వ్యాయామ టీచర్ కావాలంటే డిగ్రీ తర్వాత రెండేళ్ల బీపీఈడీ ఉంది. జిమ్ముల్లో చేరాలంటే ఫిట్‌నెస్ ట్రైనర్ సర్టిఫికెట్ ఉంది. ఏడాది బ్యాంకు పరీక్షలు రాయనిచ్చి, అప్పుడు తననే అడగండి. (బోర్డు మీద ‘జుంబా’ అని మాత్రం రాయించకండి, ఆ పేరు వాడాలంటే లైసెన్సు ఉండాలి.)

సాయంత్రం వాళ్లకు నెల ముందే చెప్పాలి. ముందుగా కట్టినవాళ్లుంటే మిగిలింది తిరిగివ్వాలి. ఆ కబురు మీరు చెప్పకండి, ఐదుగురికీ మీ అమ్మాయే స్వయంగా చెప్పాలి.