ఫోనుకు అందని చోట డబ్బు ఉంచుకోవడం ఎలా?

ప్రశ్న: మాది విశాఖపట్నంలోని గాజువాక. వయసు 62. నిరుడు పదవీ విరమణ చేశాను. పోయిన శనివారం రాత్రి పాత సహోద్యోగి నంబరు నుంచి వాట్సాప్‌లో ‘ఆర్టీవో చలాన్’ అనే ఫైలు వచ్చింది. నా స్కూటరుకు జరిమానా పడిందేమోనని తెరిచి, అడిగినవాటికల్లా ‘అలో’ నొక్కాను. తెల్లవారేసరికి పొదుపు ఖాతా నుంచి రూ.58,000 పోయాయి. ఓటీపీ ఎవరికీ చెప్పలేదు. సోమవారం బ్యాంకుకు వెళ్లి నోటిమాటగా చెప్పి వచ్చాను. అక్కడే రూ.24 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉన్నాయి. అవన్నీ తీసేసి బంగారం కొందామని మా ఆవిడ అంటోంది. ఎఫ్‌డీలకు ఏమీ కాదని నా ధైర్యం. ఏం చేయమంటారు? సైబర్ బీమా తీసుకోవాలా?

జవాబు: డిపాజిట్ల సంగతికి ముందు ఈ రోజే చేయవలసిన పని ఒకటి ఉంది. నోటిమాటగా చెప్పిన ఫిర్యాదుకు ఆధారం ఉండదు కాబట్టి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ అయిన 1930 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అక్కడ ఇచ్చే ఫిర్యాదు నంబరు జతచేసి బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి. సోమవారమే శాఖకు వచ్చి తెలియజేశానని తేదీతో సహా అందులో రాయడం మరవకండి. ఎందుకంటే 2017 జులైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, బ్యాంకు లోపమూ ఖాతాదారు లోపమూ కాకుండా బయటివారి వల్ల జరిగిన అనధికార లావాదేవీని మూడు పనిదినాల్లోగా తెలియజేస్తే ఖాతాదారుపై భారం పడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య తెలియజేస్తే సాధారణ పొదుపు ఖాతాకు ఆ భారం గరిష్ఠంగా రూ.10,000. ఫైలు తెరవడం మీ నిర్లక్ష్యమేనని బ్యాంకు వాదించే అవకాశం ఉంది, ఆ వాదన నెగ్గితే ఫిర్యాదుకు ముందు పోయిన సొమ్ము మీ నష్టమే అవుతుంది. అయితే బాధ్యత ఖాతాదారుదని నిరూపించవలసింది బ్యాంకేనని అదే ఉత్తర్వు చెబుతోంది. కాబట్టి జరిగింది జరిగినట్లు రాయండి, ఏదీ దాచకండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోయినా బ్యాంకులపై ఫిర్యాదులను విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు.

ఓటీపీ చెప్పకుండానే డబ్బు ఎలా పోయిందన్న సందేహం మీకు ఉండే ఉంటుంది. మీరు తెరిచింది చలాన్ కాదు, ఏపీకే అనే రకం ఫైలు. అంటే ప్లే స్టోర్‌తో సంబంధం లేకుండా నేరుగా ఫోనులో దిగే యాప్. ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి దానికి దక్కిందంటే, బ్యాంకు పంపే ప్రతి ఓటీపీ మీతోపాటు మోసగాడికీ చేరుతుంది. మీ సహోద్యోగి ఫోను కూడా అలాగే చిక్కి ఉంటుంది. ఆయనకు తెలియకుండానే ఆయన పేరుతో ఆ ఫైలు మీకు వచ్చి ఉంటుంది. ఇలాంటి యాప్‌లు తమ గుర్తును తెరపై కనబడకుండా దాచేస్తాయి కనుక, వెతికి తీసేశామని తృప్తిపడడం మంచిది కాదు. ఆ ఫైలు వచ్చిన సందేశాన్నీ డబ్బు పోయిన సందేశాలనూ మరో ఫోనుతో ఫొటో తీసి పెట్టుకుని, ఆ తర్వాత మీ ఫోనును పూర్తిగా రీసెట్ చేయించండి. పాస్‌వర్డులు, పిన్‌లు వేరే ఫోను నుంచి మార్చండి. నిజంగా చలాన్ ఉందో లేదో పరివాహన్ వెబ్‌సైటులో మీరే చూసుకోవచ్చు.

ఇక అసలు విషయం. ఎఫ్‌డీలకు ఏమీ కాదన్న మీ ధైర్యంతో నేను ఏకీభవించలేను. ఎఫ్‌డీ ఇప్పుడు బీరువాలో దాచుకున్న కాగితం కాదు. ఇంటర్నెట్ బ్యాంకింగ్ ఉన్న ఖాతాలో దానిని నిమిషాల్లో రద్దు చేసి సొమ్మును పొదుపు ఖాతాలోకి మళ్లించవచ్చు, చాలా బ్యాంకుల్లో రద్దు చేయకుండానే దాని మీద ఓవర్‌డ్రాఫ్టు, అంటే అప్పు కూడా తీసుకోవచ్చు. ఈ రెండింటికీ కావలసినవి పాస్‌వర్డూ ఓటీపీయే. డిపాజిట్లకు రూ.5 లక్షల బీమా ఉంది కదా అని కొందరు అంటారు కానీ, అది బ్యాంకు మూతపడినప్పుడు అక్కరకు వచ్చేది, దొంగతనానికి వర్తించదు.

అలాగని బంగారం కూడా మార్గం కాదు. రూ.24 లక్షలకు 3 శాతం జీఎస్టీ కిందనే రూ.72,000 పోతుంది, మజూరీ అదనం, గడువుకు ముందే ఎఫ్‌డీ తీసినందుకు కోత వేరు. పైగా బంగారం నెలనెలా చేతికి ఆదాయం ఇవ్వదు.

నేను సూచించేది డబ్బును ఫోను అందుకోగలిగేది, అందుకోలేనిది అని విడదీయడం. మరో బ్యాంకులో చిన్న ఖాతా తెరిచి, అందులో ఇరవై, పాతిక వేలకు మించకుండా ఉంచి, యూపీఐని దానికి మాత్రమే కలపండి. పెద్ద ఖాతాను యూపీఐ యాప్‌లన్నింటి నుంచీ తొలగించండి. కూరగాయలకూ ఆటోకూ యూపీఐ యాప్‌లోనే చిన్న పర్సులా పనిచేసే యూపీఐ లైట్ చాలు, అందులో ఒకేసారి రూ.5,000కు మించి ఉండదు. పెద్ద ఖాతాకు ఇంటర్నెట్ బ్యాంకింగ్ పూర్తిగా ఆపమని గానీ, నిల్వ చూసుకోవడానికి మాత్రమే పరిమితం చేయమని గానీ శాఖలో దరఖాస్తు ఇవ్వండి. ఆ ఖాతాకు నమోదైన సిమ్‌ను మామూలు కీప్యాడ్ ఫోనులో వేసుకోండి. ఏపీకే దిగలేని ఫోనులో ఓటీపీ క్షేమంగా ఉంటుంది. పాతకాలపు సలహాలా అనిపించవచ్చు గానీ, ఇంతకంటే చవకైన రక్షణ నాకు కనబడలేదు.

ఎఫ్‌డీలను ఇప్పుడే రద్దు చేయకండి. గడువు తీరినవాటిని తీరినట్లు పోస్టాఫీసులోని సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములోకి మార్చుకోవచ్చు. అందులో రూ.30 లక్షల వరకు అనుమతి ఉంది, కాలపరిమితి ఐదేళ్లు. 2023 ఏప్రిల్‌లో వడ్డీని 8.2 శాతం చేశారు. ప్రభుత్వం మూడు నెలలకోసారి రేటును సమీక్షిస్తుంది, మీరు చేరిన రోజున్న రేటే ఐదేళ్లూ కొనసాగుతుంది. 8.2 శాతం లెక్కన రూ.15 లక్షలకు మూడు నెలలకోసారి రూ.30,750 వస్తుంది. ఏడాదిలోపు తీస్తే వడ్డీ దక్కదు కనుక, అత్యవసరాలకు నాలుగైదు లక్షలు ఎఫ్‌డీలోనే ఉంచండి.

కొద్దిరోజుల్లో మీకు మరో రకం ఫోన్లు రావచ్చు. పోయిన సొమ్ము తిరిగి ఇప్పిస్తామని, ముందుగా రుసుము కట్టమని అడిగేవారు పోలీసులమన్నా, న్యాయవాదులమన్నా నమ్మకండి. 1930లో ఫిర్యాదు చేసినందుకు ఎవరికీ ఏమీ కట్టనక్కర్లేదు.

సైబర్ బీమా విషయంలో తొందర వద్దు. ఇప్పటికే జరిగిన నష్టానికి కొత్త పాలసీ వర్తించదు, పైన చెప్పినట్లు సర్దుకుంటే ఇకపై ఫోను ద్వారా పోగలిగేది పాతిక వేలే. అంత మొత్తానికి ఏటా ప్రీమియం కట్టడం దండగని నా అభిప్రాయం. మీ పెద్ద ఖాతా ఉమ్మడి ఖాతా అయితే మాత్రం, మీ భార్య పేరు మీదున్న ఇంటర్నెట్ బ్యాంకింగ్‌ను, ఆమె ఫోనులోని యూపీఐని కూడా అదే దరఖాస్తులో చేర్చండి.